పాలరంగు మూత

సెఫ్రూ,
ఫిబ్రవరి, వాన తెరిపిచ్చిన మధ్యాహ్నం

తమ్ముడు జిలాలీకి,

సలాం. ఈ అక్షరాలు చూసి ఎవరిచేతో రాయించాననుకోకు. వయోజన తరగతికి వెళ్ళి నేర్చుకున్న నా సొంత చేతిరాత. వంకర్లుంటే నవ్వుకో, కానీ చివరిదాకా చదువు. ఫోన్ చేస్తే సరిపోయేది కదా అంటావు. ఫోన్లో నీ నోట అబద్ధాలు చక్కగా పలుకుతాయి. "బాగున్నానక్కా, తిన్నానక్కా, పండక్కి వస్తానక్కా." కాగితం మీద అబద్ధం ఆడాలంటే కాస్త కష్టపడాలి. అందుకని ఇకనుంచి మన మధ్య ఉత్తరాలే.

పని ఉండే రాస్తున్నానులే. మా గుండీల సంఘం సంగతి నీకు తెలుసు. జలాబా అంగీలకీ కఫ్తాన్లకీ పట్టుదారంతో గుండీలు అల్లే ఆడవాళ్ళం. హద్దా పెద్దమ్మ అందరిలోకీ వయసులో పెద్దది, నేను పేరుకి పెద్దని. రబాత్‌లో తిబారీ అని దర్జీ ఉన్నాడు, పెళ్ళి కఫ్తాన్లు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. బ్రస్సెల్స్‌లో ఉన్న మనవాళ్ళు ఆయన దగ్గర కుట్టించుకుంటారు. గుడ్డ రంగు, గుండీ రంగు అక్కడినుంచే ఎంచుకోవాలి కాబట్టి మా గుండీలన్నిటికీ ఫోటోల ఆల్బం కావాలన్నాడు.

ఇక్కడి స్టూడియో ఆయన చేత తీయించాం. ట్యూబులైటు కింద పెట్టి తీశాడు. చెర్రీ ఎరుపు ఇటుక రంగులో వచ్చింది. తెల్ల గుండీ చుట్టలు కాల్చేవాడి పన్నులా వచ్చింది. ఇదేమిటయ్యా అంటే కంప్యూటర్ ముందు కూర్చుని ఏవో మీటలు నొక్కి, "నా కంటికి బాగానే ఉంది. మీ కళ్ళే ముసలివయ్యాయి" అన్నాడు. గతిలేక అదే పంపాం. తిబారీ తిప్పి కొట్టాడు. "అమ్మా బతూల్, మీ వాళ్ళు వెలిసిపోయిన దారం వాడుతున్నట్టున్నారు. పెళ్ళికూతురికి వెలిసిన గుండీ పెడితే నా పరువేం కాను?" అన్నాడు. ఆ మాట వినగానే హద్దా పెద్దమ్మ సూది పక్కన పెట్టి ఏడ్చేసింది. ఆవిడ జన్మలో వెలిసిన దారం ముట్టుకున్న మనిషి కాదు.

చెర్రీలు పండేలోగా సరైన ఆల్బం అందకపోతే ఈ వేసవి పెళ్ళిళ్ళకి మిషను గుండీలే వేయిస్తానని కచ్చితంగా చెప్పేశాడు. ఒకసారి మిషను గుండీ మరిగిన దర్జీ మళ్ళీ మన గడప తొక్కడు. తిబారీ పోతే మిగతావాళ్ళూ పోతారు. మా చేతుల్లో ఉన్నది ఈ ఒక్క పనే, జిలాలీ.

నువ్వు ఫోటోలు తీసేవాడివి. తియ్యి.

నీ అక్క
బతూల్


లరాష్,
మార్చి మొదటి వారం

అక్కా,

సలాం. నీ చేతిరాత చూసి చాలాసేపు చదవకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాను. గీతలు కిందికి జారుతున్నాయి కానీ ఒక్క మాట కూడా అర్థంకాకుండా లేదు. అమ్మ ఉంటే ఈ కాగితం ఊరంతా తిప్పి చూపించేది.

గుండీల సంగతి చదివి బాధపడ్డాను. హద్దా పెద్దమ్మ ఏడ్చిందంటే ఇంకా బాధేసింది. కానీ అక్కా, ఇది నేను చేసే పని కాదు. నేను తీసేవి నలుపు తెలుపు బొమ్మలు. చేపల రేవులో ముసలి సరంగులు, పెళ్ళయిన జంటలు, ఏ బొమ్మయినా అంతే. "జిలాలీ తీస్తే తాతల కాలం ఫోటోలా ఉంటుంది" అని జనం నా దగ్గరికి వచ్చేదే అందుకు. రంగు నా వ్యాపారం కాదు. పైగా గుండీలంత చిన్నవాటిని తీసే లెన్సు నాకు అలవాటు తప్పింది. ఇక్కడ సముద్రపు మంచు పొద్దునంతా వదలదు, వెలుగు దొరకదు. భుజం నొప్పి కూడా ఉంది.

ఫెజ్‌లో మంచి స్టూడియోలు ఉన్నాయి. ఎవరినైనా కనుక్కో. ఆ ఖర్చు నేను పెట్టుకుంటాను.

నీ తమ్ముడు
జిలాలీ


సెఫ్రూ,
మార్చి, చెర్రీ చెట్లు మొగ్గ తొడిగిన వారం

జిలాలీకి,

లెన్సు, మంచు, భుజం, వ్యాపారం. ఒక్క సాకు చెప్పి ఉంటే నమ్మేదాన్నేమో. కాగితం మీద నువ్వు కష్టపడతావని చెప్పానా లేదా?

డబ్బా బస్సులో వేశాను. లరాష్ స్టాండులో డ్రైవర్ నీ పేరు పెట్టి పిలుస్తాడు, వెళ్ళి తీసుకో. పాత బిస్కెట్ల డబ్బా, లోపల పొట్లాలు, ఒక్కో పొట్లంలో ఒక్కో రంగు గుండీ. పొట్లం మీద రంగు పేరు రాశాను. నీకోసం కాదు, హద్దా పెద్దమ్మకి మతిమరుపు, కలిపేస్తుంది, అందుకని. ఎండు అంజూరం, పావురం మెడ, తొలికోత చెర్రీ, మరిగిపోయిన పుదీనా టీ, ఇలాంటి పేర్లు చూసి నవ్వుకోకు. మా ఆడవాళ్ళు పెట్టుకున్నవి. దర్జీలకి కూడా ఇవే పేర్లు చెప్తాం.

గుండీలు దొర్లిపోకుండా పొట్లాలన్నీ ఒక మఖమలు గుడ్డలో చుట్టాను. నీకు పనికొస్తే వాడుకో, లేకపోతే మడిచి దాచు.

హద్దా పెద్దమ్మ నీకు కబురు చెప్పమంది. "మీ వాడు ముసలి సరంగుల ముడతలన్నీ తీస్తాడట కదా, నా గుండీల్లో అంతకన్నా ఎక్కువ మడతలున్నాయి, చూసుకోమను" అంది.

బతూల్


లరాష్,
ఏప్రిల్ మొదట్లో

అక్కా,

డబ్బా అందింది. తిట్టుకుంటూనే తీసుకున్నాను, తిట్టుకుంటూనే విప్పాను. దగ్గరి లెన్సు పెట్టి మొదటి గుండీ చూశాక తిట్లు మరిచిపోయాను.

ఇన్నేళ్ళు మీ చేతుల్లో ఇవి పుడుతుంటే పక్కనే కూర్చుని రొట్టె తిన్నవాణ్ణి, ఒక్కసారీ సరిగ్గా చూడలేదు. దారం ఎక్కడ మొదలైందో కనబడదు, ఎక్కడ ఆగిందో కనబడదు. ప్రతి చుట్టూ ముందు చుట్టు కిందికి దూరి మళ్ళీ పైకొస్తుంది. కొన్ని గుండీల్లో చుట్టు అటునుంచి ఇటు తిరుగుతోంది. మీలో ఒకావిడది ఎడమచేతి వాటమై ఉండాలి, కనుక్కో.

రంగు సంగతికి వస్తాను. ఈ పని కోసం టాంజియర్ వెళ్ళి కెమెరా సామాను కొట్లో ఒక వస్తువు కొన్నాను. లెన్సు మూత లాంటిదే, అదే గుండ్రం, అదే పట్టు. కానీ మామూలు మూత నల్లగా ఉండి వెలుగుని ఆపేస్తుంది. ఇది పాలరంగులో ఉండి వెలుగుని లోపలికి రానిస్తుంది, బొమ్మని మాత్రం రానివ్వదు. ఇది తొడిగి ఒక ఫోటో తీస్తే ఉత్త పాలరంగు బొమ్మ వస్తుంది. "ఇదే తెలుపు" అని దాన్ని కెమెరాకి చూపించాలి. దాన్ని వైట్ బ్యాలెన్సు పెట్టడమంటారు. ట్యూబులైటు పచ్చదనం, బల్బు పసుపుదనం, మంచు నీలం, ఏ వెలుగు ఎలాంటిదో కెమెరా తనంతట తాను కూడికలు తీసివేతలు వేసుకుని, తెల్లదాన్ని తెల్లగా పెడుతుంది. తెలుపు కుదిరితే మిగతా రంగులన్నీ వాటి చోటికి అవే వెళ్ళి కూర్చుంటాయి. మనిషి కంటితో పని లేదు. ఎంత గొప్ప సంగతో నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

కొట్టువాడు ఇంకేదో వివరించబోయాడు. పని తొందరలో ఉండి వచ్చేశాను. ఈ మాత్రం దానికి పాఠాలెందుకు?

నువ్వు పంపిన ఆకుపచ్చ మఖమలు గుడ్డ చూసి నవ్వొచ్చింది. అమ్మ గోరింట పళ్ళెం మీద పరిచిన గుడ్డే కదా, నీ పెళ్ళికీ అదే వాడారు. శుభమని దాన్నే బల్ల మీద పరిచి, గుండీలు పేర్చి, పైనుంచి కెమెరా గురిపెట్టి, మూత తొడిగి ఒకటి తీసి, తెలుపు పెట్టి, మూత తీసి వరసగా తీసేశాను. ప్రింట్లు దీంతో పంపుతున్నాను. ఒక్కో కంప్యూటర్ ఒక్కో రంగు చూపిస్తుంది కాబట్టి కాగితం మీద చూస్తేనే న్యాయం.

తిబారీకి చూపించి చెప్పు, మా తమ్ముడు లరాష్‌లో ఉన్నాడని.

జిలాలీ


సెఫ్రూ,
ఏప్రిల్ చివర

జిలాలీ,

ఫోటోలు అందాయి. పొయ్యి మీద టీ మాడిపోయేదాకా చూస్తూనే ఉన్నాం. గుండీలోని ప్రతి చుట్టూ లెక్కపెట్టేలా ఉంది. హద్దా పెద్దమ్మ తన గుండీని గుర్తుపట్టి ఫోటోని ముద్దుపెట్టుకుంది. ఎడమచేతి వాటం మాట నిజమే, రాబ్‌హా అని కొత్తగా చేరిన పిల్ల. ఆ సంగతి మాలో సగం మందికి ఇప్పటిదాకా తెలియదు. నువ్వు ఇంత దూరాన కూర్చుని దారం చూసి చెప్పావు. నీ కన్ను అలాంటిది.

కానీ తెల్ల గుండీ పుదీనా నీళ్ళలో ముంచి తీసినట్టు ఉంది. తొలికోత చెర్రీ ఎండు ఖర్జూరంలా ఉంది. గులాబీలన్నీ బూడిదరంగుకి వచ్చాయి. అన్నీ ఒకే పక్కకి ఒరిగాయి.

ఈ ముక్క ఎలా రాయాలో తెలియక నిన్న ఒక కాగితం చింపేశాను. రాయకపోతే నువ్వు మళ్ళీ అలాగే తీస్తావు. అందుకని రాస్తున్నాను.

జిలాలీ, నేను చుట్టి పంపిన గుడ్డ ఆకుపచ్చది కాదు. ఎర్రది. అమ్మ గోరింట గుడ్డ ఇంకా నా పెట్టెలోనే ఉంది.

బతూల్


లరాష్,
మే

అక్కా,

నీకు తెలుసు. గుడ్డ సంగతి రాసిన తీరు చూస్తేనే తెలుస్తోంది. ఆశ్చర్యపడలేదు, ఎందుకలా రాశావని అడగలేదు. ఎప్పటినుంచి తెలుసు?

పొట్లాల మీద పేర్లు హద్దా పెద్దమ్మ కోసం కాదు. నాకోసమే రాశావు. నేనొక్కణ్ణే కాగితం మీద కష్టపడతాననుకున్నాను.

అవును, ఎరుపుకీ ఆకుపచ్చకీ నాకు తేడా తెలియదు. ఎప్పుడూ తెలియలేదు. అందుకే నలుపు తెలుపు. అందుకే ఈ ఊరు, ఇక్కడ సముద్రమూ సున్నం గోడలూ తప్ప ఎవరూ నన్ను రంగు అడగరు. ఈ ముక్క నేను పుట్టాక ఎవరికీ చెప్పలేదు, రాయలేదు.

తెలిసి తెలిసి నన్నే ఎందుకు అడిగావు? ఎంతమంది లేరు? ఆ ఫోటోలు మీ సంఘంలో అందరూ చూశారు కదా. ఎంత నవ్వుకుని ఉంటారో. గొప్పగా ఒక మూత గురించి అంత రాశాను.

డబ్బా బస్సులో వేస్తాను. తీసుకో.

జిలాలీ


సెఫ్రూ,
మే, నీ జాబు అందిన రోజే

ఒరే జిలాలీ,

ఎవరూ నవ్వలేదు. గుండీల అల్లిక చూస్తూ ఉన్నారు, రంగు చూసి నిట్టూర్చారు, అంతే. గుడ్డ సంగతి నాకొక్కదానికే తెలుసు.

ఎప్పటినుంచి అన్నావు. మన తోటలో చెర్రీ కోతలప్పుడు నీ బుట్టలో సగం పచ్చికాయలు ఉండేవి. నాన్న దూరంనుంచే అరిచేవాడు. "వీడు కాయలు కోస్తున్నాడా, చెట్టు దులుపుతున్నాడా? కళ్ళున్నాయా, కాకులెత్తుకెళ్ళాయా?" నువ్వు బద్ధకస్తుడివి కాదని నాకు తెలుసు. చిటారు కొమ్మ దాకా ఎక్కేవాడివి, చేతులు గీసుకుపోయేవి. ఒకరోజు పండునీ కాయనీ పక్కపక్కన పెట్టి, ఏది తింటావని అడిగాను. నువ్వు రెండిటినీ నొక్కి చూసి మెత్తనిది తీసుకున్నావు. చూసి కాదు, నొక్కి. ఆ రోజు అర్థమైంది. అప్పటినుంచి నాన్న వచ్చేలోగా నీ బుట్టలోంచి పచ్చివన్నీ ఒడిలో పోసుకుని కాలవలో పారబోసేదాన్ని. నువ్వు చూడలేదనుకున్నాను. చూశావో లేదో ఇప్పటికీ తెలియదు.

నిన్నే ఎందుకు అడిగానంటావా. ఇది కోపం లేకుండా చదువు. ఇక్కడి స్టూడియో ఆయన కళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. ఆ కళ్ళే మా కొంప ముంచాయి. "నా కంటికి బాగానే ఉంది" అని మీటలు నొక్కేశాడు. రంగు విషయంలో ఆ మాట నువ్వు ఊహ తెలిశాక ఎప్పుడైనా అన్నావా? చొక్కా గుడ్డ కొనాలంటే కొట్టువాణ్ణి అడుగుతావు, నమ్మకం చాలక పక్క కొట్టువాణ్ణీ అడుగుతావు. రంగుని కంటితో కాకుండా కొలిచి పెట్టే పరికరాలు ఉంటాయని మా తరగతి పంతులమ్మ చెప్పినప్పుడు నాకు వెంటనే నువ్వే గుర్తొచ్చావు. కళ్ళున్నవాడికి ఆ పరికరం ఉన్నా ఓపిక ఉండదు, కాస్త అటూ ఇటూ తన కంటికి తగ్గట్టు జరుపుతాడు. నువ్వు జరపవు. దాని మాట వింటావు. ఎరుపూ ఆకుపచ్చా తెలియకుండా ఇన్నేళ్ళు ఒక్కడివే ఒక ఊళ్ళో పేరు తెచ్చుకున్నావు. నేనైతే ఇల్లు కదిలేదాన్ని కాదు. ఈ మాట నీతో ఎప్పుడో చెప్పాల్సింది.

మూత ఎక్కడ తప్పిందో నాకు తెలియదు. అమ్మినవాడికి తెలుసు. వెళ్ళి అడుగు. పని తొందర అని ఈసారి పారిపోకు. ఉన్నదున్నట్టు చెప్పి అడుగు.

తిబారీ నిన్న కూడా ఫోన్ చేశాడు. చెట్ల మీద కాయ గట్టిపడింది.

అక్క


లరాష్,
మే చివర

అక్కా,

డబ్బా పట్టుకుని బస్టాండుకి వెళ్ళాను. డ్రైవర్ చెయ్యి చాపాడు. ఇవ్వలేదు. అటునుంచి అటే టాంజియర్ బస్సెక్కాను.

కొట్లో ఆ మనిషి నన్ను గుర్తుపట్టాడు. కిందటిసారి నేను ఎందుకు పారిపోయానో నీకు చెప్పాలి. రెండు అట్టముక్కలు తీసి, "వీటిలో ఏది సరిగ్గా ఉన్నట్టు కనబడుతోంది చెప్పండి" అన్నాడు. నాకు తేడా తెలియలేదు. అందుకే వచ్చేశాను. ఈసారి ఆయన అట్టముక్కల కోసం చెయ్యి పెట్టేలోపే అన్నాను.

"అయ్యా, ఎరుపూ ఆకుపచ్చా నాకు ఒక్కలాగే ఉంటాయి. మూత తప్పుగా వాడాను. ఎక్కడ తప్పానో చెప్పండి."

ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. "అయితే ఇది మీకోసమే చేసిన వస్తువు" అన్నాడు. "మూత తొడిగి కెమెరా ఎటు తిప్పారు?"

"గుండీల వైపు."

"గుండీలు దేని మీద ఉన్నాయి?"

"ఎర్ర గుడ్డ మీదట. మా అక్క చెప్పింది."

ఆయన నుదురు కొట్టుకున్నాడు. "మరింకేం? కెమెరా ఆ ఎరుపే చూసి, వెలుగే ఎర్రగా ఉందనుకుంది. దాన్ని సరిచేద్దామని అన్నిట్లోనూ ఎరుపు తీసేసింది. చెప్పిన పని చక్కగానే చేసింది, మీరు చెప్పిందే తప్పు. చూడాల్సింది గుండీని కాదండి, గుండీ మీద పడే వెలుగుని. కెమెరా తీసుకెళ్ళి గుండీ ఉన్న చోట పెట్టండి. మూత తొడగండి. గుండీ ఎటు చూస్తోందో అటు తిప్పండి. అప్పుడు తీయండి."

అంతే అక్కా సంగతి. ఇన్నాళ్ళూ ఆ ఒక్క ప్రశ్న అడగలేక ఇంత రభస చేశాను.

ఇంటికొచ్చాక కిటికీ పక్క బల్ల మీద రంగు వెయ్యని ఉన్ని దుప్పటి పరిచాను. రంగు వెయ్యలేదని నేసినవాడినే అడిగి తెచ్చాను. పక్క టీకొట్టు అయ్యాద్‌ని పిలిచి, "నా జలాబా ఏ రంగు?" అని అడిగాను. "మతి పోయిందా, గోధుమరంగు" అన్నాడు. నా బట్టల రంగు కూడా గుండీ మీద పడకూడదని తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాను. తర్వాత గుండీ పెట్టాల్సిన చోట కెమెరా పెట్టి, పాలరంగు మూత తొడిగి, కిటికీ వైపు తిప్పి ఒకటి తీశాను.

ఏమీ లేని బొమ్మ వచ్చింది. గీత లేదు, నీడ లేదు. దాన్ని చాలాసేపు చూశాను. నేను తీసిన రంగు ఫోటోలన్నిటిలో నేను చూసిందీ ఇంకొకరు చూసిందీ ఒకటేనని గట్టిగా చెప్పగలిగింది అదొక్కటే అనిపించింది. ఇదే తెలుపు అని కెమెరాకి చెప్పాను. తర్వాత గుండీలు ఒక్కొక్కటీ తీశాను. మంచు కమ్మినప్పుడల్లా ఆగి, కెమెరాని మళ్ళీ గుండీ చోట పెట్టి, మూత తొడిగి, తెలుపు మళ్ళీ పెట్టాను. ఎండ వస్తే మళ్ళీ పెట్టాను. అయ్యాద్ టీ తెచ్చిచ్చి, "ఒక్క గుండీకి ఇన్ని దండాలా? పెళ్ళికూతురిక్కూడా ఇంత మర్యాద ఉండదు" అని నవ్విపోయాడు.

ప్రింట్లు వేసే కుర్రాడికి ఏ రంగూ దిద్దవద్దని మరీమరీ చెప్పాను. పంపుతున్నాను. ఎలా వచ్చాయో నాకు తెలియదు. తెలుసని ఈసారి రాయను. నువ్వు చూసి ఉన్నదున్నట్టు రాయి.

నీ ఒడిలోంచి పడిన పచ్చికాయలు కాలవలో కొట్టుకుపోవడం నేను చూశాను. ప్రతిసారీ చూశాను.

జిలాలీ


సెఫ్రూ,
జూన్, కోతలు మొదలైన వారం

తమ్ముడూ,

రబాత్‌నుంచి ఇప్పుడే వచ్చాం, కాళ్ళు కడుక్కోకుండా రాస్తున్నాను.

నీ కవరు వచ్చిన రోజు సంఘంలో అందరినీ కూర్చోబెట్టి ఫోటోలు చాప మీద పరిచాను. గుండీలు పొట్లాల్లోంచి తీసి కలిపేసి, ఏ గుండీ ఏ ఫోటోదో పెట్టమన్నాను. ఒక్కరూ తడుముకోలేదు. రెండు గోధుమరంగుల దగ్గర రాబ్‌హా ఆగింది, కానీ ఆ రెండిటినీ చేతిలో పెట్టుకున్నా మేము అలాగే ఆగుతాం. హద్దా పెద్దమ్మ తెల్ల గుండీ ఫోటో తీసుకుని తన తలగుడ్డ పక్కన పెట్టి చూసుకుంది. సంచీ సర్దుకుని, "పద రబాత్" అంది.

తిబారీ మాకు కుర్చీ కూడా చూపించకుండా ఆల్బం అందుకున్నాడు. తొలికోత చెర్రీ ఫోటో, గుండీ, రెండూ పట్టుకుని కొట్టు గుమ్మంలోకి వెళ్ళి వెలుగులో నిలబడ్డాడు. పావురం మెడ పట్టుకెళ్ళాడు. గులాబీలు పట్టుకెళ్ళాడు. మేమిద్దరం గుమ్మం వంకే చూస్తున్నాం. చివరికి లోపలికొచ్చి అడిగాడు.

"ఈసారి ఏ దారం వాడారమ్మా?"

హద్దా పెద్దమ్మ నడుం మీద చెయ్యి పెట్టింది. "అదే దారం. అదే సూది. అదే ముసలిది. ఫోటో తీసినవాడు మారాడు."

ఆయన తల దించుకుని, ఫోన్లో అన్న మాట వెనక్కి తీసుకున్నాననుకో తల్లీ అన్నాడు. ఆవిడ అప్పుడు కూర్చుంది. ఈ వేసవి పెళ్ళిళ్ళన్నిటికీ గుండీలు మావే. మిషను ఊసే ఎత్తలేదు.

వచ్చేటప్పుడు, "ఎవరమ్మా ఆ ఫోటోగ్రాఫరు? కళ్ళంటే అవీ" అన్నాడు. నేనేమీ అనలేదు. ఆ సంగతి చెప్పుకోవాల్సింది నువ్వు, నేను కాదు. కానీ నవ్వు ఆపుకోలేక తలగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాను. గర్వంతో నవ్వొచ్చింది, జిలాలీ, వేరే ఏ నవ్వూ కాదు.

కవర్లో రెండు గుండీలు ఉన్నాయి. నేనే అల్లాను. పొట్లం లేదు, పేరూ రాయలేదు. వేలితో తడిమి చూడు. ఒకదాని నెత్తిన చిన్న ముడి తగులుతుంది. అది చెర్రీ పండు ఎరుపు. రెండోది నున్నగా ఉంటుంది. అది చెర్రీ ఆకు పచ్చ. జలాబా చేతుల అంచులకి కుట్టించుకో, ఎర్రది కుడి చేతికి. ఆ రెండు రంగుల గురించి ఇంక నువ్వు ఎవరినీ అడగక్కర్లేదు.

అక్క


లరాష్,
జూన్

అక్కా,

ఉన్నదున్నట్టు రాయమన్నాను, రాశావు. ఆ కాగితం స్టూడియోలో కూర్చుని చదవలేక రేవుకి తీసుకెళ్ళి చదివాను. అక్కడ ఎవరూ నా ముఖం చూడరు.

గుండీలు కుట్టించాను. దర్జీ రెండుసార్లు అడిగాడు, నిజంగా ఇలాగేనా అని. ఇలాగే అన్నాను. పొద్దున అది వేసుకుని అయ్యాద్ టీకొట్టుకి వెళ్ళాను. గ్లాసు నా ముందు పెడుతూ చేతుల వంక చూశాడు. రేవు జనం అంతా ఉన్నారు, వాడి గొంతు నీకు తెలియదు, అవతలి వీధికి వినబడుతుంది.

"ఎవడ్రా జిలాలీ నీ దర్జీ? ఒక చేతికి ఒకటి, ఇంకో చేతికి ఇంకోటి కుట్టాడు. కళ్ళు కనబడవా వాడికి?"

కుడి చేతి గుండీ మీద వేలు పెట్టాను. ముడి తగిలింది.

"వాడికి కనబడతాయి. నాకే కనబడవు" అన్నాను. "ఇది ఎరుపు. ఇది ఆకుపచ్చ. నాకు రెండూ ఒకటే, అందుకని మా అక్క ఇలా అల్లి పంపింది."

అయ్యాద్ వంగి రెండు గుండీల్నీ దగ్గరగా చూశాడు. "సరిగ్గానే చెప్పావు" అన్నాడు. తర్వాత, "అందుకా ఆ రోజు నీ జలాబా రంగు అడిగావు" అని, నేను అడక్కుండానే టీలో ఇంకో చక్కెర గడ్డ వేసి వెళ్ళాడు. ఇంతకాలం భయపడింది ఈ మాత్రం దానికా అనిపించింది.

కోతలు అయిపోకముందే వస్తున్నాను. కెమెరా తెస్తాను, మూతా తెస్తాను, హద్దా పెద్దమ్మ ముడతలు రంగుల్లో తీస్తానని చెప్పు. నాకో బుట్ట ఉంచు, చిటారు కొమ్మ నాది. పచ్చికాయలు కోస్తాను, ఎలాగూ కోస్తాను. నా ఎదురుగానే ఏరి పారెయ్. ఈసారి ఒడిలో దాచక్కర్లేదు.

నీ తమ్ముడు
జిలాలీ